మన పిల్లల తరఫున సంతకం పెట్టేదెవరు?

 

మొన్న ఇంటర్, డిగ్రీ పిల్లల కూడిక దగ్గర నేను మాట్లాడిన మాటలివి. రికార్డు చేసిన తమ్ముడు చూస్తే సగం గాలి హోరే పడిందన్నాడు. అందుకని కూర్చుని రాశాను. అక్కడ టైం సరిపోక వదిలేసిన అంకెలు కొన్ని ఇక్కడ కలిపాను. కొంచెం పొడుగు ఉంది, ఓపిక చేసుకుని చదవండి.

మీలో ఎంతమంది హాస్టల్లో చదువుకున్నారు అని అడిగితే అక్కడ దాదాపు అందరి చేతులూ లేచాయి. ఇది చదువుతున్న మీరూ చాలామంది ఆశ్రమ పాఠశాల పిల్లలే అయి ఉంటారు. ఆరేడేళ్ళ వయసులో ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని పోయిన వాళ్ళం. పొద్దున బెల్లు, స్నానానికి లైను, ప్రార్థనకు లైను, అన్నానికి లైను, స్టడీ అవర్ బెల్లు, లైట్లు తీసే బెల్లు. ఇంటికి ఎప్పుడు పోవాలో, జ్వరమొస్తే ఎవరికి చెప్పాలో అన్నీ ఎవరో చెప్తారు.

ఎర్వింగ్ గోఫ్‌మన్ అని ఒక సామాజిక శాస్త్రవేత్త ఉండేవాడు. 1955, 56లో వాషింగ్టన్లో ఒక పెద్ద మానసిక ఆసుపత్రిలో ఏడాది పాటు తిరిగి, అక్కడి రోగుల రోజు ఎట్లా గడుస్తుందో చూసి 1961లో పుస్తకం వేశాడు. నిద్ర, పని, ఆట మూడూ ఒకే చోట, ఒకే అధికారం కింద జరగడం, అందరూ గుంపుగానే అన్నీ చేయడం, ప్రతి గంటకూ ముందే నిర్ణయించిన పని ఉండడం, ఇవి ఉన్న చోటల్లా మనిషి మెల్లమెల్లగా తన సొంతం అనేది పోగొట్టుకుంటాడని ఆయన చెప్పిన సంగతి. జైలు, ఆసుపత్రి, అనాథాశ్రమం, బోర్డింగ్ స్కూలు అన్నీ ఆయన లెక్కలో ఉన్నాయి. పీజీలో ఇది చదువుతున్నప్పుడు పక్కనున్న సిటీ పిల్లలకు అది సిద్ధాంతం. నాకు మాత్రం మా హాస్టల్ టైంటేబుల్ లాగా కనిపించింది.

హాస్టల్ చెడ్డదని నేను అనడం లేదు. హాస్టల్ లేకపోతే నేను ఇట్లా రాసేవాణ్ణే కాదు. మా ఊరికి అప్పట్లో రోడ్డు లేదు, టీచరు వచ్చేవాడు కాదు. ఆ అన్నం, ఆ పుస్తకాలు, ఆ పరీక్ష ఫీజు, అన్నీ హాస్టలే ఇచ్చింది. నేను చెప్పదలిచింది వేరే. ఇట్లాంటి చోట ఉన్న మనుషుల గురించి పరిశోధన అంటూ ఎవరైనా వస్తే ఏమవుతుంది? వాళ్ళ బాగు కోసం అని వస్తారు. నిజంగా బాగుకే వచ్చేవాళ్ళూ ఉంటారు. ఆ బాగుకు ఒప్పుకున్నది ఎవరు, సంతకం ఎవరిది, ఫలితం ఎవరి చేతికి పోయింది అన్నది అసలు ప్రశ్న.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా హాస్టల్‌కి ఒక టీం వచ్చింది. ఎత్తు కొలిచారు, బరువు చూశారు, చేతికి టేపు చుట్టారు, వేలికి సూది గుచ్చి రక్తం తీశారు. బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చారు. మాకు బిస్కెట్టే గుర్తు. రక్తంలో ఏం తేలింది, మాలో ఎంతమందికి రక్తం తక్కువుంది, ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకు ఆ సంగతి దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు నేను చెబితేనే తెలిసింది. ఆమె అడిగిన మొదటి మాట, "నిన్ను అడిగారా, నన్ను అడిగారా?"

ఆ ప్రశ్నను ఢిల్లీలో పార్లమెంటు కూడా ఒకసారి అడగాల్సి వచ్చింది. అది భద్రాచలం కథ. మీలో చిన్నవాళ్ళకు తెలియకపోవచ్చు, అందుకని వివరంగా చెప్తాను.

2009 జులైలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, ఖమ్మం జిల్లాలో మూడు మండలాల్లో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెంలో, 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేయడం మొదలైంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా అది. దాదాపు 14 వేల మంది పిల్లలు. పాథ్ అనే అమెరికా సంస్థ, మన ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేశాయి. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది, టీకాలు కంపెనీ ఉచితంగా ఇచ్చింది. గుజరాత్‌లో వడోదర జిల్లాలో కూడా ఇంకో కంపెనీ టీకాతో ఇదే పని జరిగింది.

ఇందులో చాలామంది ఆదివాసీ పిల్లలు, హాస్టల్ పిల్లలు. ఎందుకు హాస్టల్? ఈ టీకా అప్పట్లో మూడు డోసులు. మొదటిది వేసిన రెండు నెలలకు ఒకటి, ఆరు నెలలకు ఒకటి. ఊళ్ళో ఉన్న పిల్లను ఆరు నెలల్లో మూడుసార్లు పట్టుకోవడం కష్టం. కూలికి పోతుంది, పోడుకు పోతుంది, మిర్చి ఏరడానికి అమ్మతో పోతుంది. హాస్టల్ పిల్ల ఎక్కడికీ పోదు. పేరు రిజిస్టర్లో ఉంటుంది, వయసు రాసి ఉంటుంది, బెల్లు కొడితే లైన్లో నిలబడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, అవునో కాదో చెప్పాల్సిన అమ్మానాన్న అక్కడ ఉండరు.

2010 మార్చిలో సమ అనే మహిళా ఆరోగ్య సంఘం వాళ్ళు భద్రాచలం వచ్చి పిల్లల్ని, తల్లిదండ్రుల్ని కలిశారు. హాస్టల్ పిల్లలకు వార్డెన్ల అనుమతితోనే టీకా వేశారనీ, చాలామంది ఇళ్ళల్లో ముందుగా తెలియదనీ బయటపెట్టారు. మహిళా సంఘాలు గట్టిగా పట్టుబట్టాక 2010 ఏప్రిల్లో కేంద్రం ఆ కార్యక్రమాన్ని ఆపింది. అప్పటికి రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినండి, ఎందుకంటే వాట్సాప్‌లో దీన్ని రకరకాలుగా తిప్పుతారు. ఆ మరణాలు టీకా వల్ల అని తేలలేదు. కేంద్రం వేసిన విచారణ కమిటీ వాటికి టీకాతో సంబంధం ఉన్నట్టు కనబడలేదనే చెప్పింది. హెచ్‌పీవీ టీకా ప్రపంచంలో చాలా దేశాల్లో వేస్తున్నారు, ఆ క్యాన్సర్ తగ్గుతోంది కూడా. మన ఆడపిల్లలకు ఆ రక్షణ అక్కర్లేదని నేను అనడం లేదు. "టీకా వద్దు" అని ఈ కథను వాడుకునేవాళ్ళకు నేను మైకు ఇవ్వను. ఆ పిల్లలకు ఏమైనా అయితే చూసేవాళ్ళెవరు, రాసేవాళ్ళెవరు, చెప్పుకునేదెవరికి, ముందసలు అడిగిందెవరిని అన్నదే గొడవ.

2013 ఆగస్టులో పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఈ లెక్క రాసింది. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు ఉన్నాయి. 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు ఉన్నాయి.

రెండు వేల ఏడు వందల అరవై మూడు. ఆ అంకెను ఒక్కసారి గట్టిగా పైకి చదవండి. అన్నిసార్లు ఒక ఉద్యోగి, తన పని తాను చేస్తున్నా అనుకుని, ఇంకొకరి బిడ్డ ఒంటి మీద జరిగే దానికి సరే అని రాశాడు. ఆ వార్డెన్లను ఒక్కొక్కరినీ తిట్టి లాభం లేదు. పైనుంచి కాగితం వస్తుంది, సాయంత్రానికి సంతకాలు కావాలంటారు, వాళ్ళూ భయపడే ఉద్యోగులే. ఆ కాగితం రాసినప్పుడు హాస్టల్ పిల్లకు కూడా అమ్మ ఉంటుందన్న సంగతి గుర్తుపెట్టుకున్నవాళ్ళు లేరు. నా బాధ అది.

చేసినవాళ్ళు దాన్ని ట్రయల్ అనలేదు. ప్రదర్శన ప్రాజెక్టు అన్నారు, పరిశీలన అన్నారు. ట్రయల్ అంటే నష్టపరిహారం ఉండాలి, బీమా ఉండాలి, దుష్ఫలితాలు రాసే పద్ధతి ఉండాలి. పేరు మారిస్తే బాధ్యత కూడా మారిపోతుంది. పార్లమెంటు సంఘం ఆ పేరు మార్పును ఒప్పుకోలేదు, ఐసీఎంఆర్‌నూ వదల్లేదు. తర్వాత కేసు సుప్రీంకోర్టుకు పోయింది. పార్లమెంటు సంఘం నివేదికను కోర్టులో చూపించవచ్చా లేదా అన్న దాని మీదే పెద్ద వాదన నడిచి, చూడవచ్చు అని 2018 మేలో రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. న్యాయశాస్త్రం చదివే తమ్ముళ్ళు కల్పనా మెహతా కేసు అని వెతికి చదవండి. అంత పెద్ద తీర్పుకు మూలం భద్రాచలం హాస్టల్ గదుల్లో ఉందని మీ లెక్చరర్లు చెప్పకపోవచ్చు.

ఇది మన ఒక్కరి కథ అయితే మన ప్రభుత్వాల మీద కోపంతో సరిపెట్టుకునేవాళ్ళం. కెనడా చూడండి.

అక్కడి మూలవాసుల పిల్లల్ని ఇళ్ళ నుంచి తెచ్చి, చర్చిలు నడిపే రెసిడెన్షియల్ స్కూళ్ళలో పెట్టారు. వందేళ్ళకు పైగా నడిచిన పద్ధతి, లక్షా యాభై వేలకు పైగా పిల్లలు. సొంత భాష మాట్లాడితే దెబ్బలు. మన ఆశ్రమ పాఠశాలలు అవే అని నేను అనను, అట్లా అనడం ఆ పిల్లలకూ మన టీచర్లకూ ఇద్దరికీ అన్యాయం. కానీ సంస్థలో ఉన్న ఆదివాసీ బిడ్డ మీద పరిశోధన ఎట్లా జరుగుతుందో చూడటానికి అంతకు మించిన అద్దం లేదు.

1947 ప్రాంతంలో ఆ స్కూళ్ళలో తిండి చూశారు. పిల్లలు ఆకలితో ఉన్నారని, పోషకాహారం లేదని నిపుణులకు స్పష్టంగా తెలిసింది. తెలిశాక ఏం చేయాలి? తిండి పెట్టాలి. వాళ్ళు ప్రయోగం పెట్టారు. కేంద్ర ప్రభుత్వ పోషకాహార విభాగం అధిపతి లయొనెల్ పెట్ ఆధ్వర్యంలో 1948 నుంచి ఐదేళ్ళు, ఆరు స్కూళ్ళలో, దాదాపు వెయ్యి మంది పిల్లల మీద. ఆల్బర్నీ అనే స్కూల్లో పిల్లలకు ఇచ్చే పాలు అవసరమైన దాంట్లో సగం కన్నా తక్కువ. దాన్ని రెండేళ్ళు అట్లాగే ఉంచారు, ఎందుకంటే తర్వాత పాలు పెంచితే తేడా ఎంతో కొలవాలి కాబట్టి. ఇంకో చోట సగం మందికి విటమిన్ సీ బిళ్ళ, సగం మందికి ఉత్తుత్తి బిళ్ళ. ఇంకో స్కూల్లో ప్రత్యేకంగా కలిపిన పిండి పెడితే పిల్లల్లో రక్తహీనత తగ్గాల్సింది పోయి పెరిగింది. పంటి డాక్టరును కూడా రానివ్వలేదు. పళ్ళు బాగుచేస్తే చిగుళ్ళ లెక్క తప్పిపోతుందట!

తల్లిదండ్రుల్ని అడగలేదు. పిల్లలకు చెప్పలేదు. చాలా ఏళ్ళ దాకా ఇది పెద్దగా బయటికి రాలేదు. 2013లో ఇయాన్ మోస్బీ అనే చరిత్రకారుడు పాత ప్రభుత్వ ఫైళ్ళు తవ్వి వ్యాసం రాస్తే దేశం ఉలిక్కిపడింది. ఆ స్కూళ్ళలో చదివి బతికి ఉన్న ముసలివాళ్ళకు అప్పుడు తెలిసింది, తాము ఎందుకంత ఆకలితో పెరిగారో. ఆకలితో పెంచిన పాపం ఒకటి, ఆ ఆకలిని కొలతబద్దగా వాడుకున్న పాపం ఇంకొకటి. రెండోది చేసినవాళ్ళు చదువుకున్నవాళ్ళు, తాము మంచే చేస్తున్నాం అనుకున్నవాళ్ళు.

ఈ రెండు కథలు విన్నాక కూడికలో ఒక తమ్ముడు లేచి, "అయితే అన్నా, ఇక ఏ సర్వే వచ్చినా గేటు దగ్గరే ఆపేద్దాం" అన్నాడు. చప్పట్లు కూడా పడ్డాయి. నేను ఒప్పుకోలేదు.

ఎందుకంటే అదే కెనడాలో పీటర్ బ్రైస్ అని ఒక ప్రభుత్వ డాక్టరు ఉండేవాడు. 1907లో ఆయన్ని రెసిడెన్షియల్ స్కూళ్ళు చూసి రమ్మన్నారు. 35 స్కూళ్ళు తిరిగాడు. గాలి ఆడని గదులు, ఒకే గదిలో దగ్గే పిల్లలు, బాగున్న పిల్లలు. ప్రిన్సిపాళ్ళకు ప్రశ్నలు పంపాడు. జవాబిచ్చిన 15 స్కూళ్ళ లెక్క కలిపితే, మొదటి నుంచీ చేరిన 1,537 మంది పిల్లల్లో దాదాపు నాలుగో వంతు చనిపోయారని తేలింది. ఎక్కువ భాగం క్షయ. సూది లేదు, బిళ్ళ లేదు, ఉత్త లెక్క. ఎంతమంది వచ్చారు, ఎంతమంది మిగిలారు? ఆ ఒక్క ప్రశ్న అడిగే ధైర్యం ఉన్న పరిశోధన అది. ప్రభుత్వం ఆయన సూచనలు పక్కన పెట్టింది, తర్వాత ఆయన నివేదికలే అక్కర్లేదంది. రిటైరయ్యాక 1922లో సొంతంగా చిన్న పుస్తకం అచ్చువేసుకున్నాడు, ఇది జాతి నేరం అని పేరు పెట్టి.

బ్రైస్ లాంటి పరిశోధన మనకు కావాలి. మన హాస్టళ్ళలో పిల్లలు జ్వరాలతో పోతుంటే పేపర్లో జిల్లా ఎడిషన్లో నాలుగు లైన్లు వస్తాయి, వారం తిరిగేలోపు మరిచిపోతారు. ఏ నెలలో ఎక్కువ పోతున్నారు, ఇంటికి పంపాక పోయినవాళ్ళను ఏ లెక్కలో రాస్తున్నారు, హాస్టల్లో ఏఎన్‌ఎం ఉన్న చోట, లేని చోట తేడా ఎంత? ఐదో తరగతి పిల్ల గోడ దూకి నలభై కిలోమీటర్లు అడివిలో నడిచి ఇంటికి ఎందుకు పోయింది? కోయ మాట తప్ప తెలుగు రాని ఆరేళ్ళ పిల్లవాడు కడుపునొప్పి అని ఏ భాషలో చెప్పాలి? గేటు మూసేస్తే ఈ ప్రశ్నలు కూడా లోపలే చచ్చిపోతాయి.

మంచి పరిశోధనకు ఒక చిన్న ఉదాహరణ చెప్తా, ఇది ముసలివాళ్ళ సంగతి. 1976లో అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో ఒక వృద్ధాశ్రమంలో ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ అనే ఇద్దరు ఒక పని చేశారు. 91 మంది ముసలివాళ్ళు. ఒక అంతస్తు వాళ్ళకు, మీ గది ఎట్లా సర్దుకోవాలో మీ ఇష్టం, సినిమా ఏ రాత్రి చూడాలో మీ ఇష్టం, ఇదిగో మొక్కల్లో ఒకటి ఏరుకోండి, నీళ్ళు మీరే పోసుకోండి అన్నారు. ఇంకో అంతస్తు వాళ్ళకు, మిమ్మల్ని బాగా చూసుకునే బాధ్యత మాది అని చెప్పి మొక్క చేతికిచ్చారు, నీళ్ళు నర్సు పోస్తుంది. మూడు వారాలకే మొదటి వాళ్ళు హుషారయ్యారు, నలుగురితో కలిశారు. ఏడాదిన్నర తర్వాత చూస్తే కూడా తేడా నిలబడింది. మొదటి వాళ్ళల్లో చావులు తక్కువ అని కూడా రాశారు గానీ, ఆ లెక్క మొదట అనుకున్నంత గట్టిది కాదని తర్వాత వాళ్ళే సవరణ వేసుకున్నారు. సవరణ వేసుకోవడం నాకు నచ్చిన విషయం. తప్పు దిద్దుకునే పరిశోధకుణ్ణి నమ్మొచ్చు.

నాకు ఇందులో పట్టుకున్నది నర్సు పోసిన నీళ్ళ ముచ్చట. రెండు అంతస్తుల్లోనూ మొక్క ఉంది, ప్రేమ ఉంది. తేడా ఎవరి చేతిలో చెంబు ఉందన్నదే. మన హాస్టల్లో మెస్ కమిటీ ఉంటుంది కాగితం మీద. మీలో ఎవరైనా ఎప్పుడైనా ఆ కమిటీలో కూర్చుని, ఈ వారం ఈ కూర వద్దు అని చెప్పి, అది నిజంగా మారడం చూశారా? సెలవుకు ఇంటికి పోయే రోజు పిల్లలు నిర్ణయించుకున్న హాస్టల్ ఒక్కటి చూపించండి. ఖర్చులేని పనులివి. దీని మీద మన దగ్గర ఎవరైనా పరిశోధన చేస్తానంటే నేను టీ తాగించి మరీ గేటు తీస్తాను.

ఇప్పుడు నియమాల సంగతి. లేవనుకోకండి, ఉన్నాయి. ఐసీఎంఆర్ 2017లో వేసిన జాతీయ నైతిక మార్గదర్శకాలు తీయండి. సంస్థల్లో ఉండేవాళ్ళను, పిల్లలను, ఆదివాసీలను ముగ్గురినీ అందులో బలహీన స్థితిలో ఉన్నవాళ్ళ కింద రాశారు. మన హాస్టల్ పిల్ల మూడింట్లోనూ పడుతుంది! ఆదివాసీల మీద పరిశోధన, రోగం కనిపెట్టడానికో, నయం చేయడానికో, రాకుండా చూడటానికో అయి, ఆదివాసీలకు మేలు ఉంటేనే చేయాలని ఉంది. కలెక్టరు, గిరిజన సంక్షేమ కమిషనర్ లాంటి అధికారుల అనుమతి కావాలి. పంచాయతీ లేని చోట ఊరి పెద్ద అనుమతి కావాలి. అంగీకారం తీసుకునేటప్పుడు పెద్దలతోనూ, ఆ భాష తెలిసినవాళ్ళతోనూ మాట్లాడి, సాక్షుల ముందు తీసుకోవాలి. పెద్ద సరే అన్నా సరిపోదు, ఒక్కొక్క మనిషిని విడిగా అడగాలి. పిల్లలైతే తల్లిదండ్రుల అంగీకారంతో పాటు, ఏడేళ్ళు దాటిన పిల్లను నోటిమాటగా అడగాలి, పన్నెండు దాటితే రాతపూర్వకంగా. ఆ ఏడో తరగతి పిల్లవాడికి, అంటే అప్పటి నాకు, వద్దు అనే హక్కు ఉండాలని దేశమే ఇప్పుడు రాసుకుంది. పక్కనే మన ఐదో షెడ్యూలు, 1996 పెసా చట్టం, గ్రామసభ ఉండనే ఉన్నాయి.

ఇది ఇప్పుడు ఎందుకు చెప్తున్నానంటే, సికిల్ సెల్ పరీక్షలు నడుస్తున్నాయి. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ప్రధాని సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన మిషన్ మొదలుపెట్టారు. 17 రాష్ట్రాలు, అందులో తెలంగాణ, ఆంధ్ర రెండూ ఉన్నాయి. 40 ఏళ్ళ లోపు 7 కోట్ల మందికి పరీక్ష చేయాలని లక్ష్యం. ఈ పరీక్ష మనకు కావాలి, మనోళ్ళల్లో ఆ జబ్బు ఉంది, నొప్పులతో మెలికలు తిరిగే పిల్లల్ని మీరూ చూసే ఉంటారు. కానీ ఇక్కడ కూడా లెక్క తొందరగా పూర్తయ్యేది ఎక్కడ? హాస్టల్లో. లైన్లో.

రక్తం తీశాక ఆ ఫలితం పిల్ల ఇంటికి చేరాలి. జబ్బు వేరు, వాహకులుగా ఉండటం వేరు అని ఇంటి భాషలో చెప్పాలి. వాహకురాలికి మామూలుగా ఏ జబ్బూ ఉండదు. అమ్మానాన్న ఇద్దరూ వాహకులైతేనే, ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఈ రెండు వాక్యాలు చెప్పకుండా క్లాసులో అందరి ముందు పేర్లు చదివితే, రేపు ఆ పిల్లకు సంబంధం చూడటానికి వచ్చినవాళ్ళు వెనక్కి పోతారు. అప్పుడు మళ్ళీ "ఇది పరిశోధన కాదు, కార్యక్రమం" అంటారు. ఆ మాట మనం ఒకసారి విన్నాం కదా.

అందుకని మీ పాత హాస్టల్‌కి పోండి. తమ్ముడో చెల్లెలో అక్కడ ఉంటుంది కదా, చూడటానికి ఎట్లాగూ పోతారు. పోయినప్పుడు వార్డెన్ సార్‌ని మర్యాదగానే అడగండి, ఈ ఏడాది ఎవరెవరు వచ్చి ఏమేం కొలిచి పోయారని. వచ్చినవాళ్ళు ఎదురైతే, ఈ కాగితం మా భాషలో ఒకసారి చదివి చెప్తారా అనండి. మా వాళ్ళు వద్దంటే ఏమవుతుందని అడగండి. "ఏమీ కాదు, అన్నం ఆగదు, మార్కులు పోవు" అనే జవాబు వెంటనే రావాలి, నసిగితే అనుమానించండి. ఏదైనా జరిగితే ఫోను చేయాల్సింది ఎవరికో నంబరుతో సహా రాయించుకోండి. ఫలితం ఎప్పుడు, ఎవరి చేతికి వస్తుందో తేదీ అడగండి. గొడవకు పోవద్దు, వీడియో తీసి పెట్టేయడం అంతకన్నా వద్దు. పిల్లల ముఖాలు ఫేస్‌బుక్‌లో పెడితే మనం కూడా అడగకుండా తీసుకున్నవాళ్ళమే.

పీజీలు, పీహెచ్‌డీలు చేస్తున్న అన్నలు, అక్కలు, మీకు కూడా ఒక మాట. రేపు డిసర్టేషన్ కోసం ప్రశ్నల కాగితం పట్టుకుని హాస్టల్‌కి పోయేది మీరే. వార్డెన్ పక్కన నిలబడి ఉంటే, అన్నం ఎట్లా ఉందమ్మా అని అడిగితే, పిల్ల ఏమంటుంది? బాగుంది సార్ అంటుంది. ఆ "బాగుంది"ని శాతాల్లో వేసి, 87 మంది సంతృప్తి అని రాస్తే డిగ్రీ వస్తుంది, ఆ పిల్ల మాత్రం అదే చారు తింటుంది. సెలవుల్లో ఊళ్ళో అడగండి, ఇంటి అరుగు మీద, ఇప్పచెట్టు కింద, వాళ్ళమ్మ ఎదురుగా. హాస్టల్ గురించి నిజం హాస్టల్లో దొరకదు. రాశాక తిరిగి పోయి వాళ్ళకు చదివి వినిపించండి. ఇన్నాళ్ళూ బయటివాళ్ళ జీపుల్లో ముందు సీట్లో కూర్చుని దుబాసీ పని చేశాం, రోజుకు ఇంత అని తీసుకున్నాం. ఇక ప్రశ్న రాసే పని కూడా మనది కావాలి.

కూడిక తర్వాత కొందరం కూర్చుని హాస్టల్ గోడకు అంటించేలా ఒక కాగితం తయారు చేస్తున్నాం, పైన చెప్పిన ప్రశ్నలతో, ఆరో తరగతి పిల్ల చదివి అర్థం చేసుకునేంత తేలిగ్గా. కోయ, గోండి మాటల్లోకి మార్చేవాళ్ళు దొరికారు. కొలామి, సవర, కువి బాగా వచ్చినవాళ్ళు కావాలి. మీకు వచ్చినా, మీ ఊళ్ళో ఎవరికైనా వచ్చినా, కింద కామెంట్లో ఏ భాషో, ఏ మండలమో రాయండి. సెలవులు అయిపోయి పిల్లలు హాస్టళ్ళకు తిరిగి వెళ్ళేలోపు అచ్చు వేయించాలని అనుకుంటున్నాం. జోహార్.